మూడున్నర రూపాయల వడ్డీ, ఒక్క రూపాయి కొసరు

"సార్, మీకు కార్డు అప్రూవ్ అయిపోయింది సార్!"

మధ్యాహ్నం రెండు గంటలు. అన్నం తిని నడుం వాల్చే వేళ. ఎవరు అప్రూవ్ చేశారు? నేను అడిగానా? నాకు తెలియకుండా నా మీద ఇంత ప్రేమ ఎవరికి పుట్టింది? గజపతినగరంలో పుట్టి పెరిగినవాణ్ణి. ఇక్కడ ఎరువుల కొట్లో రెండు బస్తాలు అరువడిగితే తాత పేరు, తండ్రి పేరు, పోయినేటి బాకీ అన్నీ అప్పజెప్పాలి. ఫోన్లో అమ్మాయికి అవేవీ అక్కర్లేదు. లక్షన్నర పరిమితి పళ్లెంలో పెట్టుకుని నిలబడి ఉంది. పైగా, "ప్రతి కొనుగోలు మీదా క్యాష్‌బ్యాక్ సార్!"

ఎంత తియ్యటి మాట! డబ్బు వెనక్కొస్తుందట. వెనక్కి రావాలంటే ముందు వెళ్లాలి కదా? ఎవరి జేబులోంచి? ఆ ఊసు ఎత్తదు. ఆ పిల్లని అనకండి. నెలాఖరుకి లెక్క ప్రకారం కార్డులు అంటగట్టకపోతే వాళ్ల ఉద్యోగమే వెనక్కిపోతుంది. అనాల్సింది ఆమెకి ఆ లెక్క రాసిచ్చినవాణ్ణి. ఆయన ఫోన్లు చెయ్యడు. ఎత్తడు కూడా.

కార్డు మనకేం కొత్త కాదు. పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో మొదటి వరసలో నిలబడి తెచ్చింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బ్యాంకు పోయింది, కార్డు మాత్రం రక్తబీజుడిలా పెరిగింది. 2024 నాటికి దేశంలో కార్డులు పది కోట్లు దాటాయి. క్యాష్‌బ్యాక్ అనే తాయిలం అమెరికాది. 1986లో సియర్స్ అనే దుకాణాల కంపెనీ డిస్కవర్ కార్డు తెచ్చి, కొన్నదాంట్లో ఒక శాతం దాకా తిరిగిస్తానంది. జనం ఎగబడ్డారు. అక్కణ్ణించి మా మెంటాడ రోడ్డు దాకా అదే పాట.

సరే, ఆ ఒక్క శాతమైనా వస్తుందా? రండి, మా ఊళ్లో సగటు సంసారి నెల ఖర్చు చూద్దాం. బండికి పెట్రోలు పోయించాడు. క్యాష్‌బ్యాక్? ఇంధనానికి మామూలుగా లేదు. సర్‌చార్జి మాఫీ అంటారు, దాని మీద జీఎస్టీ మాత్రం మాఫీ కాదు. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు? చాలా కార్డుల్లో లేదు. పిల్లల ఫీజు? అదీ చాలావాటిలో లేదు. ఇంటద్దె? లేదు. ఎల్‌ఐసీ ప్రీమియం? ఎక్కువగా లేదు. పెళ్లికి కాసు బంగారం? చాలాచోట్ల అదీ లేదు. వాయిదాల్లో కొన్న ఫ్రిజ్? లేదు. పంచాయతీ పన్ను? ఏటండి బాబూ, ప్రభుత్వానికి కట్టేదానికి కూడా ఆశేనా?

మరి దేనికుంది? విమానం టిక్కెట్లకి ఉంది. హోటల్ గదులకి ఉంది. ఇంటికి తెచ్చిచ్చే పిజ్జాకి ఉంది. విమానాశ్రయం లాంజ్‌లో ఏడాదికి నాలుగుసార్లు ఉచిత ఉప్మా ఉంది. అహా! మన జిల్లాలో భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. శంకుస్థాపనల మీద క్యాష్‌బ్యాక్ ఉంటే విజయనగరం జిల్లా ఈపాటికి బాగుపడిపోయేది.

ఇదంతా దాటి వచ్చినా పైన ఒక మూత ఉంటుంది. నెలకి ఇంతకు మించి ఇవ్వం. "5 శాతం" అని అరచెయ్యంత అక్షరాల్లో, "గరిష్ఠంగా" అని చీమ కాలంత అక్షరాల్లో. ఒకసారి నేను తోటకి నీళ్ల మోటారు కొన్నాను. ఐదు శాతం వస్తుందని ఇంట్లో ముందే ఖర్చు కూడా రాసేసుకున్నాం. రాలేదు. అడిగితే, ఆ షాపు కోడు వేరే కిందికి వస్తుందట. ప్రతి దుకాణానికీ నాలుగంకెల కోడు ఉంటుంది, దాన్నిబట్టే తాయిలం. ఆ కోడు కొట్టు బోర్డు మీద ఉండదు, బిల్లు మీద ఉండదు. కొనేవాడికి తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. దేవరహస్యం. మోటారు మాత్రం బాగానే నడుస్తోంది.

ఇక అసలు కథ. మన పల్లెల్లో వడ్డీ లెక్క ఎలా చెప్తారు? సంవత్సరానికి ఇన్ని శాతం అని ఎవడూ అనడు. నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ అంటారు. రెండు రూపాయలంటే ధర్మవడ్డీ కాదు గానీ తట్టుకోవచ్చు. మూడు రూపాయలంటే వాడు కసాయి. అయిదు, పది అంటే పేపర్లో వస్తాడు, సంపాదకీయం పడుతుంది, కలెక్టరు గారు ఆగ్రహం వ్యక్తం చేస్తారు.

మరి, గాజు తలుపుల బ్యాంకువారి కార్డు వడ్డీ ఎంత? చాలావాటికి నెలకి మూడున్నర రూపాయలు, ఆ పైన. ఏడాదికి 42 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ. మన ఊరి కసాయికన్నా అర్ధ రూపాయి ఎక్కువ. కానీ వీళ్లని కసాయి అనకూడదు. ఆర్థిక సేవల సంస్థ అనాలి.

లెక్క చూడండి. మా ఊళ్లో ఒక మాస్టారు గారు నెలకి 30,000 కార్డు మీద గీకారు. ఒక శాతం చొప్పున 300 వచ్చాయి. మాస్టారు టీ కొట్టు దగ్గర కాలరెగరేశారు. ఏడాదికి 3,600. అందులో 499 రూపాయల వార్షిక రుసుం, జీఎస్టీతో కలిపి 589 తీసేశారు. పోనీ, ఇంకా మిగిలింది. పైడితల్లమ్మ సిరిమాను పండగ వచ్చింది, చుట్టాలొచ్చారు, ఒక్క నెల బిల్లు మొత్తం కట్టలేకపోయారు. 30,000 మీద మూడున్నర రూపాయల వడ్డీ 1,050. జీఎస్టీ 189. మొత్తం 1,239. నాలుగు నెలలు ఏరుకున్న గింజలు ఒక్క పూటలో కోడి పొడుచుకుపోయింది. అక్కడితో అయిపోతే బాగుండు. మొత్తం కట్టనివాడికి వడ్డీలేని గడువు కూడా ఎగిరిపోతుంది. కొత్తగా కొన్న కందిపప్పుకీ కొన్న రోజు నుంచే వడ్డీ. అదే కార్డుతో ఏటీఎంలో నగదు తీశారా? అక్కడ గడువనే మాటే లేదు. తీసిన రోజు నుంచే వడ్డీ, తీసినందుకు రుసుం అదనం.

"కనీస మొత్తం కడితే చాలు" అని బిల్లు మీద ఒక దయగల గడి ఉంటుంది చూశారా? 20,000 బాకీకి 1,000 కట్టమంటుంది. ఎంత మంచివాళ్లో! ఆ వెయ్యిలో వడ్డీ, పన్ను కలిపి సుమారు 826 మింగేస్తాయి. అసలులో తగ్గేది 174. ఇలా కడుతూ పోతే బాకీ మనవడి పెళ్లికి తీరుతుంది. ఇది నేను కక్షతో అంటున్న మాట కాదు. కనీస మొత్తమే కడితే తీర్చడానికి నెలలు, ఏళ్లు పడతాయని, చక్రవడ్డీ పడుతుందని ఖాతాదారుకి హెచ్చరిక చెప్పమని రిజర్వ్ బ్యాంకే ఆదేశించింది. చెప్తున్నారు కూడా. సిగరెట్ పెట్టె మీద బొమ్మలా. అసలు కంటే వడ్డీ ముద్దు అనే సామెత మనం మనవళ్ల గురించి చెప్పుకుంటాం. వాళ్లు నిజంగానే వడ్డీ గురించి అనుకుంటారు.

బిల్లు మొత్తం కట్టకుండా బాకీని నెల నుంచి నెలకి తిప్పేవాడికి కార్డుల వ్యాపారంలో ఒక పేరుంది. రివాల్వర్. అవునండి, అదే మాట. పేలేది మాత్రం వాడి తలమీదే. ఠంచనుగా మొత్తం కట్టేసేవాణ్ణి అమెరికా కార్డుల పరిశ్రమలో ముద్దుగా డెడ్‌బీట్ అంటారు. బాకీ ఎగ్గొట్టేవాణ్ణి తిట్టే తిట్టు అది. అప్పు తీర్చినవాడికి ఆ తిట్టు ఎందుకో ఇప్పుడు అర్థమైందా? మాస్టారి 300 ఎక్కణ్ణించి వచ్చింది? బ్యాంకు మేనేజరు జీతంలోంచా?

కొంత పక్క వీధి రివాల్వర్ కట్టిన వడ్డీలోంచి. మిగతాది దుకాణదారు దగ్గర కోసుకున్న కమీషన్‌లోంచి. కార్డు గీకిన ప్రతిసారీ అమ్మేవాడు ఒకటిన్నర, రెండు శాతం ఇచ్చుకోవాలి. అతనేమన్నా సత్రం పెట్టాడా? ధరలో కలిపేస్తాడు. కొందరు మొహమాటం లేకుండా "కార్డయితే రెండు శాతం ఎక్స్‌ట్రా సార్" అంటారు. రెండిచ్చి ఒకటి పుచ్చుకుని మాస్టారు ఇంటికి పోతారు, గర్వంగా. నోట్లు లెక్కపెట్టి ఇచ్చే కూలివాడు కూడా అదే పెరిగిన ధర కడతాడు. వాడికి క్యాష్‌బ్యాక్ లేదు. 2010లో అమెరికాలో బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ ఆర్థికవేత్తలు ఈ లెక్క తీశారు. నగదుతో కొనే ఒక్కో కుటుంబం సగటున ఏడాదికి 149 డాలర్లు కార్డుల వాళ్ల ఒళ్లో పోస్తోందట. కార్డు కుటుంబానికి ఏడాదికి 1,133 డాలర్లు అందుతున్నాయట. పేదవాడు చందా వేసి పెద్దవాడికి పండగ చెయ్యడం. యూరప్ వాళ్లు 2015లో ఆ కమీషన్లో కార్డిచ్చిన బ్యాంకు వాటాకి 0.3 శాతం దగ్గర కళ్లెం వేశారు. అంతే, అక్కడ క్యాష్‌బ్యాక్ ధారలు సన్నగిల్లాయి. ఉదారత ఎవరి సొమ్ముతోనో అప్పుడు తెలిసింది.

మరి కోర్టులున్నాయి కదా అంటారా? ఉన్నాయి. 2008 జూలైలో జాతీయ వినియోగదారుల కమిషన్, కార్డు మీద ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ వేస్తే అది అన్యాయపు వ్యాపారం అంది. బ్యాంకులు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. పదహారేళ్లు గడిచాయి. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టేసింది. బ్యాంకుకీ ఖాతాదారుకీ మధ్య ఒప్పందాన్ని తిరగరాసే పని కమిషన్‌ది కాదంది. ఒప్పందమా! ఇంగ్లీషులో నలభై పేజీలు, కింద ఒక టిక్కు. అది చదివి టిక్కు పెట్టినవాడు విజయనగరం జిల్లా మొత్తంలో ఒక్కడుంటే చూపించండి, దండేసి ఊరేగిద్దాం. రిజర్వ్ బ్యాంకు ఆదేశాల్లో నిబంధనలు సరళమైన భాషలో ఉండాలని ఉంది. ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషల్లో ఉంటే మంచిదని కూడా ఉంది. ఉంటే మంచిది! స్పీడు బ్రేకరు ఉంటే మంచిది అన్నట్టు.

అధిక వడ్డీ పిండేవాడి మీద 1918 నాటి చట్టం ఒకటుంది. షావుకారు మరీ దోచేస్తే కోర్టు ఆ అప్పుని తిరగదోడొచ్చు. బ్యాంకు మీద? 1984 నుంచి బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 21ఏ అనే సెక్షను కూర్చుని ఉంది. వడ్డీ ఎక్కువన్న కారణంతో బ్యాంకు అప్పుని ఏ కోర్టూ తిరగదోడకూడదు. మన రాష్ట్రం 2010లో మైక్రోఫైనాన్స్ వడ్డీల మీద ఆర్డినెన్సే తెచ్చింది. వారం వారం ఇంటి గుమ్మంలో కూర్చుని వసూలు చేసినవాళ్ల ఆట అలా కట్టించిన రాష్ట్రం ఇది. ఇప్పుడు గుమ్మం అక్కర్లేదు. ఫోన్ ఉంది. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత వసూలు ఫోన్లు చెయ్యకూడదని నియమం. మధ్యలో పదకొండు గంటలు చేసుకోవచ్చన్నమాట.

ఇదంతా విని మాస్టారు నవ్వుతారు. "ఆ సిరిమాను పండగ దెబ్బతో నేను ఆటో డెబిట్ పెట్టానయ్యా, కనీసం కాదు, మొత్తం. రుసుం లేని కార్డుకి మారాను. మూత ఎంతో రాసి బీరువా తలుపుకి అంటించాను. నగదు తియ్యను. వాయిదాలు వద్దు." నిజమే, అలాంటివాడికే నాలుగు రాళ్లు మిగులుతాయి. మరో దారి లేదు. ఒక్క చిక్కు. ఆ 300 కోసం మాస్టారు అంతకుముందు కొననివి కూడా కొంటున్నారు. పోయిన నెల ఐదు శాతం వస్తుందని 4,000 పెట్టి గాలితో వేయించే పొయ్యి కొన్నారు. 200 మిగిలింది. ఆ పొయ్యి మీద ఇప్పుడు వాళ్లావిడ వడియాలు ఆరబెడుతోంది.

పైగా, 2022 సెప్టెంబరు నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐలో తగిలించుకోవచ్చు. అంటే పది రూపాయల టీ కూడా అప్పు మీద తాగొచ్చు. వెనకటికి టీ కొట్టు అరువుకి సిగ్గుపడి గోడ మీద గీతలు గీయించుకునేవాళ్లం. ఇప్పుడు స్కాన్ చేసి చాటింపు వేసుకుంటున్నాం.

నిబంధనలు మన వైపు కూడా కొన్ని ఉన్నాయి. కానీ ఫిబ్రవరిలో ఆర్థిక అక్షరాస్యత వారోత్సవం ఫ్లెక్సీల మీద అవి నాకెక్కడా కనపడలేదు. అడగని కార్డు ఇచ్చి బిల్లు వేస్తే, బిల్లు రద్దు చేసి దానికి రెట్టింపు జరిమానా కట్టాలి. బాకీ లేని కార్డు మూసెయ్యమంటే ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి, ఆపైన రోజుకి 500 మనకివ్వాలి. ఛార్జీలు మారిస్తే నెల ముందు చెప్పాలి. బ్యాంకు నెలలోగా పలకకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, నంబరు 14448. ఈ నంబరు ఏ క్యాష్‌బ్యాక్ ప్రకటనలోనైనా చూశారా?

మొన్న కూరల దగ్గరికెళ్లాను. వంకాయలు తూస్తోంది మామ్మ. పక్కన క్యూఆర్ బోర్డు, డబ్బులు పడ్డాయని అరిచే పెట్టె. నేను అడగలేదు, అయినా చారెడు పచ్చిమిరపకాయలు, రెండు రెబ్బలు కరివేపాకు సంచిలో పడేసింది. కొసరు. మూత లేదు, కోడు లేదు, అరవై రోజుల తర్వాత జమ అవ్వడం లేదు.

"మా గుంటడికి ఏదో కారటిత్తామని ఫోను సేసినారు బావూ. కొన్నప్పుడల్లా డబ్బులు ఎనక్కొత్తాయంట. నువ్ సదూకున్నోడివి. ఒడ్డీ ఎంతేటి?"

ఇన్ని ఫోన్లలో ఎవరూ అడగని ప్రశ్న.

"నూటికి మూడున్నర, మామ్మా. దాని మీద జీఎస్టీ."

త్రాసు కిందికి దించి నా మొహంలోకి చూసింది.

"మా సావుకారు మూడు రూపాయలకే ఇత్తన్నాడు కదేటి! ఆ జీఎస్టీ ఏటో ఆడికింకా తెలీదు. నువ్వు సెప్పకు బావూ."