అట్టకు అంత్యక్రియలు

మూడు వారాలుగా మా పెరట్లో ఒక అట్టపెట్టె కుళ్లనుగాక కుళ్లనని భీష్మించుకు కూర్చుంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు పొద్దునా సాయంత్రం దాన్ని పుల్లతో పొడిచి చూస్తున్నాను. ఇంకా పలుకే.

పెట్టెలు ఎక్కణ్నించి వస్తున్నాయో చెప్పక్కర్లేదు. మీ ఇంట్లోనూ తలుపు వెనక దొంతర ఉండే ఉంటుంది. మొన్న మా ఇంటికొక దువ్వెన వచ్చింది, చెప్పుల జత పట్టే పెట్టెలో. దువ్వుకోడానికి నాకు మిగిలిన జుట్టుతో పోలిస్తే ఆ పెట్టె మరీ అన్యాయం.

పాత పేపర్లవాడికి వేసేస్తే పోయేది. కానీ నాకు అతని కాటా మీద అనుమానం. ఇంట్లో ఐదు కిలోలు తూగిన అట్ట ఆ కాటా ఎక్కగానే మూడు కిలోలకు చిక్కిపోతుంది. ఒళ్లు తగ్గాలనుకునేవాళ్లు జిమ్ములు మానేసి దాన్నెక్కితే చాలు. పోనీ కాల్చేద్దామా అంటే, ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. అంత ఖరీదైన చలిమంట మనవల్ల కాదు.

అందుకని ఎరువు చేద్దామనుకున్నాను. చెత్త చక్కగా మాగాలంటే నత్రజని ఒక పాలుంటే కార్బన్ 25 నుంచి 30 పాళ్లు ఉండాలట. అట్టలో ఆ కార్బన్ వందల పాళ్లు. అంటే అట్టొక్కటే పడేస్తే, కూరా పప్పూ లేకుండా వట్టి అన్నం పెట్టినట్టే. సూక్ష్మజీవులైనా ఎన్నాళ్లు తింటాయి? కూరగాయల తొక్కలు, పచ్చి గడ్డి, కాస్త పేడ కలపాలి. అట్టను ముక్కలు చేసి తడపాలి. దానికంటే ముందు టేపు ఒలవాలి. ఆ ఒలిచే పనిలో నా గోళ్లు రెండు పోయాయి.

ఇంతా చేసి అట్టపెట్టె నయం. శుభలేఖ ఉంది చూశారూ, దానికి చావు లేదు. మూలల్లో పసుపు, పైన వినాయకుడు, లోపల వెంకన్న. చించకూడదు, తొక్కకూడదు, చెత్తబండిలో వేయకూడదు. పెళ్లికొడుక్కి కొడుకు పుట్టి వాడు నడుస్తున్నా కార్డు మాత్రం మా ఫ్రిజ్ మీద నుంచి కదలదు. మా పెళ్లినాటి శుభలేఖ ఒక గులాబీరంగు కాగితం, అంతే. నాలుగు వానలు పడితే మట్టి. ఇప్పటిది ఒక పెట్టె. దానికి మఖమల్ గుడ్డ, అయస్కాంతం మూత, బంగారు రేకు, కాగితం మీద ప్లాస్టిక్ పూత. ఏ వానపామూ దాని జోలికి పోదు. సరే, దేవుళ్లను కత్తిరించి తీసేస్తే తక్కినది వట్టి చెత్తే కదా అని కత్తెర పట్టాను. ఇప్పుడు మా పూజగదిలో వినాయకులు 11 మంది. లక్ష్ములు ఏడుగురు తేలారు. అష్టలక్ష్ములు పూర్తి కావాలంటే బంధువుల్లో ఇంకొక పెళ్లి జరగాలి. నిమజ్జనం చేద్దామని ఒక వినాయకుణ్ని బకెట్లో వేస్తే, ప్లాస్టిక్ పూత మహిమ వల్ల మూడు రోజులైనా తేలుతూ నన్నే చూస్తున్నాడు. దండం పెట్టి బయటికి తీశాను.

ఏదీ, అట్ట దగ్గర కదూ ఆగాం. పాదులో అట్ట పరిచి పైన మట్టి పోస్తే కలుపు మొలవదని ఎవరో దొరగారు వీడియోలో చెప్పారు. ఆయన తోటలో చెదలు లేవు కాబోలు. నేను కరివేపాకు పాదులో పరిచాను. అది చెదలకు శుభలేఖ పంచినట్టయింది. సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేశాయి. విందయ్యాక తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోకుండా గోడ వెంట మట్టిదారులు కట్టుకుంటూ బయల్దేరాయి.

"ఏవండీ, మీ చుట్టాలు గుమ్మం దాకా వచ్చారు" అంది మా ఆవిడ.

మొన్న ఆదివారం అట్టతోపాటు ఎరువులో కలిపేద్దామని అబ్బాయి పాత నోటుపుస్తకాలు ముందేసుకున్నాను. ప్రతి పుస్తకంలో సగానికి పైగా తెల్ల కాగితాలే. ఒకటి చించాను. రెండోది చేతికి రాలేదు. వేసవి సెలవుల్లో మా నాన్న ఇలాంటి తెల్ల కాగితాలన్నీ ఏరి, అంచులు సరిచేసి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి రఫ్ పుస్తకం చేసిచ్చేవాడు. ఒక పేజీకి గీతలుండేవి, మరో పేజీకి ఉండేవి కావు. క్లాసులో అది బయటికి తీయడానికి నాకు సిగ్గుగా ఉండేది. ఒక ఏడాది ఆ పుస్తకాన్ని కావాలనే బడిలో పారేసుకుని వచ్చాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాటికి ఇంకొకటి కుట్టాడు.

తెల్ల కాగితాలన్నీ వేరు చేసి దొంతర పెట్టాను. కుట్టడానికి ఇంట్లో దబ్బనం లేదు.

"ఆన్‌లైన్లో దొరుకుతుంది, తెప్పించమంటారా?" అంది మా ఆవిడ, అప్పటికే ఫోను చేతిలోకి తీసుకుని.