మైసూరులాంటి మన ప్రత్యేకత

బందరు రోడ్డు మీద కార్నివాల్ నడిచింది, గిన్నిస్ వాళ్ల కాగితమూ చేతికొచ్చింది. 2025 దసరాకి విజయవాడ ఉత్సవ్ పుణ్యమా అని బెజవాడకొక ముఖం ఉందని లోకానికి తెలిసింది. అంతకుముందు కృష్ణ, కొండమీది అమ్మవారు, పుష్కరాలు ఉన్నా ఎందుకో ఎవరికీ ఆనలేదు. ఆ ఊపులో ఇప్పుడు మా నూజివీడులోనూ "మనమూ ఒకటి చెయ్యాలండీ" అంటున్నారు. మామిడి కార్నివాల్ అట.

ఇందులో నాకు బాగా నచ్చింది మైసూరు. మన ప్రత్యేకత చాటాలి. ఎట్లా? మైసూరులాగా! ఉత్సవ్ మొదలైన దగ్గర్నుంచీ పెద్దల నోట ఒకటే మాట, మైసూరు దసరాని తలదన్నాలని. అక్కడి రాజులు వడయార్లు 1610లో శ్రీరంగపట్నంలో మొదలుపెట్టినప్పుడు ఎవర్ని తలదన్నాలనుకున్నారో మరి. మనది పక్కింటివాడి మార్కులు చూసి మనవాణ్ణి వాయించే పద్ధతి.

రేపు మా కరపత్రంలో "బెజవాడను మించి" అని పడుతుంది, చూస్తూండండి. ఎల్లుండి మైలవరం వాళ్లు నూజివీడుని మించుతారు, ఆపైన తిరువూరు వాళ్లు మైలవరాన్ని. ఎవరి ప్రత్యేకత ఎవరి దగ్గరుందో తేల్చడానికి ఆఖర్న ఇంకో కమిటీ వెయ్యాలి.

ఇక కార్నివాల్ అన్నాక తప్పెటగుళ్ల వాళ్లని ఉత్తరాంధ్ర నుంచి బస్సెక్కించి తెస్తారు. రాత్రంతా కథ ఆడి పాడగల మనుషులు. వేదిక ముందు నాలుగు గెంతులు వేశారో లేదో "జరగాలి, ముందుకి జరగాలి" అంటాడు మైకువాడు. దాని పేరు కళాపోషణ. నూజివీడు వీణ మాట ఎవరో ఎత్తితే, థర్మోకోల్‌తో పెద్దది చేయిద్దామన్నారట.

ఎకసెక్కాలు చాలు. వైవిధ్యం కావాలా? మా తోటల్లోకి రండి. పాత తోటంటే చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, సువర్ణరేఖ, ఆవకాయకి జలాలు, అన్నీ ఒక్కచోటే. ఇప్పుడు? చిన్నరసం లారీ కుదుపుకి చితికిపోతుంది కాబట్టి వ్యాపారికి వద్దు. ఉత్తరాదికి బంగినపల్లి కావాలి, గుజ్జు ఫ్యాక్టరీకి కలెక్టరు కాయ కావాలి. పూత మీద నల్ల తామర పురుగు పడితే మందు మీద మందు కొట్టి, మిగిలిన కాయ నున్న మామిడి మార్కెట్లో వాళ్లు చెప్పిన ధరకి దించి, అప్పు తీరక రైతు చివరికి రంపం తెప్పిస్తున్నాడు. తాత నాటిన చెట్టు కట్టెల లెక్కన తూకానికి పోతోంది. ఆ నేలలో పామాయిల్ మొక్క లేస్తోంది. ఏ ఊరి గుర్తింపు కోసం ఊరేగుతున్నారయ్యా మీరు? ఆ ఊరిని నరుకుతుంటే ఒక్కడూ తొంగి చూడలేదే!

చేస్తే మే నెలలో చెయ్యండి, నున్న మార్కెట్ గేటు ముందు. అతిథికి శాలువా మానేసి చిన్నరసం చేతికివ్వండి. మెత్తగా పిసికి, ముచిక తీసి, మోచేతి దాకా కారుతుంటే జుర్రుకోమనండి. తెల్ల చొక్కా పాడైతే పాడవనీ. ఆ తర్వాత వేదిక మీదున్న వాళ్లంతా తలా ఒక బుట్ట కొనమనండి. రైతు చెప్పిన ధరకి, బేరం లేకుండా.