వెళ్లిపోయినవాడు లెక్కలోకి రాడు

వెబ్‌సైటుకో మొబైల్ యాప్‌కో వచ్చినవారు అక్కడ ఎంతసేపు ఎదురుచూశారో, ఏ బటన్ నొక్కితే ఏమి జరిగిందో వారి ఫోన్ల నుంచే సేకరించి సంస్థకు చేరవేసే పద్ధతిని సాఫ్ట్‌వేర్ రంగంలో 'రియల్ యూజర్ మానిటరింగ్' అంటారు. 'రియల్' అనే విశేషణం తగిలించవలసి వచ్చిందంటేనే, మిగిలిన పరీక్షలు ఎవరి మీద జరుగుతుంటాయో ఊహించుకోవచ్చు. డేటా సెంటర్‌లోని ఒక యంత్రం మరో యంత్రాన్ని నిర్ణీత వేళల్లో పలకరించి కుశలం తెలుసుకునే 'సింథటిక్ మానిటరింగ్' నేటికీ సాగుతున్నది, దాని ప్రయోజనం దానికి ఉన్నది. కాకపోతే ఆ యంత్రం ఏనాడూ కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడి, మెమరీ నిండిపోయిన ఫోన్‌లో టికెట్ కొనలేదు.

కొలతలకైతే కొరత లేదు. సమాధానం పదోవంతు సెకనులో వస్తే మనిషికి తక్షణమే వచ్చినట్లు తోస్తుందని, సెకను దాకా ఆలోచన తెగదని, పది సెకన్లు దాటితే మనసు వేరే పని వెతుక్కుంటుందని జేకబ్ నీల్సన్ 1993లోనే గ్రంథస్థం చేశాడు. నాడి, శ్వాస, రక్తపోటు చూసే వైద్యుడి పరిభాషను అరువు తెచ్చుకుని గూగుల్ 2020లో 'కోర్ వెబ్ వైటల్స్' ప్రకటించింది. పేజీలోని ప్రధాన దృశ్యం 2.5 సెకన్లలో కనిపించాలని, రద్దు బటన్ నొక్కబోయిన వేలు కొనుగోలు బటన్ మీద పడేలా పేజీ ఉన్నట్టుండి గెంతకూడదని వాటి సారాంశం. వాటిలో మూడోది తొలి నొక్కుకు కలిగిన జాప్యాన్ని మాత్రమే కొలిచి, తరువాతి నొక్కులన్నిటినీ వినియోగదారుడి ఖర్మకు వదిలేసేది. దానిని 2024 మార్చిలో తప్పించి, మొత్తం సందర్శనలోని నొక్కులన్నిటినీ గమనించి 200 మిల్లీసెకన్ల గడువు విధించే కొత్త కొలతను తెచ్చారు. వందసార్లు పేజీ తెరిస్తే 75 సార్లు గడువు దాటకుండా ఉంటే ఉత్తీర్ణతే. దీనినే 75వ పర్సెంటైల్ అంటారు. మిగిలిన పాతిక సార్లు తెరిచినవారు ఓపిక అనే సద్గుణాన్ని అభ్యసిస్తున్నట్లు భావించాలి.

అసలు విశేషం ఇంకా ముందున్నది. కొలిచే స్క్రిప్టు కూడా ఆ పేజీతో పాటే దిగుమతి కావాలి గనుక, పేజీ తెరుచుకోకముందే విసిగి వెళ్లిపోయినవాడు సంస్థ లెక్కల ప్రకారం పుట్టనే లేదు. అంటే నెమ్మదితనం ఒక హద్దు దాటితే అంకెలు బాగుపడతాయి. రోగులందరూ గుమ్మం దగ్గరే పోతే వార్డులో మరణాల రేటు సున్నా అయినట్లు. ఈ చమత్కారం తలకిందులుగా యూట్యూబ్‌లో జరిగింది. క్రిస్ జకరియాస్ అనే ఇంజనీరు, 1.2 మెగాబైట్ల వీడియో పేజీని వంద కిలోబైట్లలోపుకు కుదించి 'ఫెదర్', అంటే ఈక, అని పేరు పెట్టి విడుదల చేస్తే, పేజీ తెరుచుకునే సగటు సమయం తగ్గకపోగా పెరిగిందని 2012లో తానే రాశాడు. తీరా చూస్తే ఆగ్నేయాసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, సైబీరియాల నుంచి, అంతకుముందు పేజీ తెరుచుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టే చోట్ల నుంచి, జనం కొత్తగా రావడం మొదలైంది; వారికి ఈ ఈకతో రెండు నిమిషాలకు పైగా పట్టింది, ఆ రెండు నిమిషాలే సగటును పాడుచేశాయి. అంకెలను బట్టి జీతాలు పెంచే సంస్థలో ఇటువంటి మేలు చేసినవాడు సంజాయిషీ రాసుకోవలసి ఉంటుంది.

ఉన్నవారి లెక్క మాత్రం శుభ్రంగా జరుగుతుందనుకోనక్కరలేదు. పలకని బటన్‌ను ఒళ్లు మండి టకటకా నొక్కడానికి ఈ రంగంలో 'రేజ్ క్లిక్' అని ముద్దుపేరు ఉన్నది. అదే నొక్కుడు వేరే విభాగం పట్టికలో వినియోగదారుల చురుకైన భాగస్వామ్యంగా నమోదై మెప్పు పొందగలదు. నక్షత్రాలు ఇవ్వమని అడిగే చిన్న పెట్టె చెల్లింపు విజయవంతమైన తరువాతే ప్రత్యక్షమవుతుంది గనుక, డబ్బు పోయి టికెట్ రానివాడి అభిప్రాయం అడిగే ఇబ్బంది ఎవరికీ లేదు. నెలాఖరు సమావేశంలో డాష్‌బోర్డు వరిచేనులా పచ్చగా ఉంటుంది, వచ్చేవారి సంఖ్య తగ్గిన సంగతి మార్కెటింగ్ విభాగానికి బదిలీ అవుతుంది. వారు వెళ్లిపోయినవారిని వెనక్కి రప్పించడానికి ప్రకటనలు కొంటారు. ఆ ప్రకటన వీడియో మాత్రం, ఎంత మారుమూల ఊళ్లోనైనా, నొక్కకుండానే మొదలవుతుంది.