నౌపడ జంక్షన్ రకం

గేటు దగ్గర ఆగిన ప్రతి మనిషీ ముందు కుక్కపిల్లను చూస్తాడు, తర్వాత నన్ను చూస్తాడు, ఆపైన అడుగుతాడు: "ఇదేటి జాతి మాస్టారూ?" పాలవాడు అడిగాడు. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు బండ దించకుండానే అడిగాడు. టెక్కలి నుంచి శుభలేఖ ఇవ్వడానికొచ్చిన దూరపు బంధువు ముహూర్తం చెప్పడం మరిచి మరీ అడిగాడు. ఉప్పుమళ్ల గట్టు మీద గోనెసంచిలో దొరికిందయ్యా అంటే, "అది సరేనండి, జాతేటని?"

చెవుల చుట్టూ బొచ్చుకుక్క పోలిక. కాళ్లు అచ్చంగా వీధివి. తోక ఎవరిదో చెప్పడానికి సాక్షులు లేరు.

విసుగెత్తి "నౌపడ జంక్షన్ రకం" అనడం మొదలుపెట్టాను. నవ్వి పోతారనుకుంటే, అదేం రకమన్నారు. అడిగాక చెప్పకుండా ఎలా? కూర్చోబెట్టి చెబుతున్నాను. హౌరా–చెన్నై పెద్ద లైనుకు గుణుపురం చిన్న లైను కలిసేది మన ఊళ్లోనే కదా. ఆ చిన్నదాన్ని పర్లాకిమిడి రాజావారు వేయించారు. 1900లో బండి కదిలింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. సాగి సాగి గుణుపురం చేరేసరికి 1931. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక, ఆ బండి ఒక రాష్ట్రంలో బయల్దేరి ఇంకో రాష్ట్రంలో ఆగేది. రాజుగారి బండా, సర్కారు బండా, తెలుగుదా, ఒరియాదా అని ఎవరైనా అడిగారా? చోటు దొరికితే చాలని ఎక్కారు.

ఇక్కడికొచ్చేసరికి వచ్చినాయన చెప్పుల్లో కాళ్లు దూరుస్తుంటాడు. నేను వదలను. 2004లో చిన్న బండిని ఆపేసి బ్రాడ్‌గేజ్ వేసిన సంగతి, పాత గేజి మిల్లీమీటర్లలో 762 అన్న సంగతి కూడా అప్పజెప్పాకే గేటు తీస్తాను. కుక్కపిల్ల 1931 దగ్గరే నిద్రపోతుంది. ఇంతా విని ఒకాయన గేటు బయట నిలబడి, "అయితే నాటుదేనన్నమాట" అన్నాడు.

హైదరాబాద్‌లో 2025 ఆగస్టులో జీహెచ్ఎంసీ వాళ్లు ఇలాంటి వీధి కుక్కపిల్లలకే దత్తత మేళా పెట్టారు. ఇక్కడ మేళా లేదు, గోనెసంచి ఉంది.

జాతి తేలాక రెండో విచారణ. పిల్లను వెల్లకిలా తిప్పి, "ఓలమ్మ, ఆడగుంట!" అని వేడి గిన్నెలా కింద పెట్టేస్తారు. సంచిలో ఉన్న ఒక్క మగదాన్నీ ఉద్దానం ఆసామి ఒకడు జీడితోట కాపలాకని అప్పుడే పట్టుకుపోయాడు. మిగిలినవన్నీ ఆడవి. సంచి మూతి కట్టినవాణ్ని తిడదామని చాలాసార్లు అనుకున్నాను. వాడి లెక్క వాడికుంది: రెండు నెలల చూలు, ఏడాదికి రెండు ఈతలు, పుట్టినవాటిని అడిగేవాడు లేడు. వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించే పని స్థానిక సంస్థలదేనని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లో రాసి ఉంది. ఆ రాత మా ఉప్పుమళ్ల దాకా నడిచి రాలేదు. నాకు పింఛను వస్తుంది, గేటున్న ఇల్లుంది, అందుకని ఒకదాన్ని తెచ్చుకోగలిగాను. ఒకదాన్నే.

దీనికి ఈడొచ్చేలోగా ఆపరేషన్ చేయించాలి. ఎవరినడిగినా విశాఖ తీసుకెళ్లమంటున్నారు. రైల్లో కుక్కను బ్రేక్‌వాన్‌లో పెట్టెలో వేయాలి, లేదా ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనమే తీసుకోవాలి. పెట్టెలో వేయడానికి మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఆవిణ్ని నేనింతవరకు స్లీపర్ దాటి ఎక్కించలేదు.