కోటకు అడ్వాన్స్ బుకింగ్

కోట ఎందుకు కడతారు? లోపలున్నవాడికి బయటివాళ్లంతా కనబడాలి, బయటివాళ్లకు లోపలున్నవాడు అందకూడదు. ఇటలీలో ఫ్లోరెన్స్, పీసా, సియెనాల నడుమ గుట్టమీద ఉన్న కాస్టెల్‌ఫాల్ఫీలో పన్నెండు వందల ఏళ్లు దాటినా ఈ సూత్రం చెక్కుచెదరలేదు. మారిందల్లా గేటు దగ్గర వేసే ప్రశ్న. అప్పుడు "ఎవడ్రా నువ్వు?", ఇప్పుడు "బుకింగ్ ఉందాండీ?"

ఊరి పేరు కాగితమెక్కింది 754లో. వాల్‌ఫ్రెడో అనే దొర పుణ్యానికి మఠం పెడుతూ రాసిచ్చిన ఆస్తుల్లో ఇదొకటి. ఊళ్లోవాళ్లనెవరూ అడగలేదు, పొలంతోపాటు మనుషులూ చేతులు మారడం ఆనాటి రిజిస్ట్రేషన్ పద్ధతి. 1554లో, సియెనా యుద్ధం నడుస్తుండగా, పియెరో స్ట్రోజీ అనే సేనాని దండు వచ్చి ఊరిని ఊడ్చుకుపోయింది. పాపం, వాళ్లకు వ్యాపారం తెలీదు. వచ్చినవాడే పర్సు తీసి బల్లమీద పెట్టి, పోతూపోతూ ఐదు నక్షత్రాల రివ్యూ రాసిపోయే పద్ధతి కనిపెట్టడానికి ఇంకో నాలుగున్నర శతాబ్దాలు పట్టింది.

ఆ నడుమ కాలమంతా ఈ ఊరున్న టస్కనీ ప్రాంతపు పల్లెలు నడిచింది సంగోరు మీద. అక్కడివాళ్లు దాన్ని మెజ్జాద్రియా అంటారు. పంటలో సగం భూస్వామిది. క్రిస్మస్‌కు కోళ్లు, ఈస్టర్‌కు గుడ్లు దొరగారింటికి వేరే వెళ్లాలి. అవి సగంలోకి రావు, కానుకలట! లెక్కల పుస్తకం ఫత్తోరే అనే పెత్తందారు చేతిలో. రైతు ఇంట్లో కింద పశువులు, పైన మనుషులు. పశువుల వెచ్చదనమే చలికాలం హీటరు. 1964లో చట్టం కొత్త సంగోరు ఒప్పందాలను నిషేధించేసరికే జనం ఎంపోలీ గాజు బట్టీలకూ, పోంటెదేరా వెస్పా స్కూటర్ల ఫ్యాక్టరీకీ దారి పట్టారు. పల్లెలు ఖాళీ అయ్యాయి.

2007లో జర్మనీ టూరిజం కంపెనీ టీయూఐ 1,100 హెక్టార్లు, అంటే దాదాపు 2,700 ఎకరాలు, కోటతో, ఊరితో సహా కొనేసింది. గోధుమ పండిన సీమలో ఇప్పుడు 27 గుంతల గోల్ఫ్ కోర్సు. 2017లో ఐదు నక్షత్రాల హోటలు. 2021లో ఇదంతా కొన్నది ఇండోరమా కంపెనీ అధినేత శ్రీప్రకాశ్ లోహియా, కలకత్తాలో పుట్టి ఇండోనేషియాలో ఎదిగిన వ్యాపారి. వెల్‌నెస్ పద్ధతులు థాయ్‌లాండ్ నుంచి దిగాయి. ఇటలీ కోట, జర్మనీ మరమ్మతు, మార్వాడీ పెట్టుబడి, థాయ్ మాలిష్. ఐక్యరాజ్యసమితికి కూడా ఇంత ఐకమత్యం కుదరలేదు.

మరి ఇలాంటి చోట్ల అమ్మే ఆరోగ్యం ఏమిటయ్యా అంటే: పెందరాళే పడుకోవడం, కోడికూతకు లేవడం, కొండ ఎక్కి దిగడం, తక్కువ తినడం, ఎవరితోనూ మాట్లాడకుండా ఉండడం. సంగోరు రైతు ఈ కోర్సు పుట్టినప్పటి నుంచీ చేశాడు, సర్టిఫికెట్టు మాత్రం రాలేదు. నిన్నటి రొట్టె, తోటలో దొరికిన ఆకుకూర కలిపి మళ్లీ ఉడకబెట్టిన రిబొల్లీతా అతని గతిలేని రాత్రిభోజనం. టస్కనీ రిసార్టుల్లో ఇప్పుడది వారసత్వ వంటకం. పశువుల కొట్టాలు సూట్‌లయ్యాయి. పాత వాసన ఒక్కటే వదిలించారు, లావెండరు కొట్టి.

న్యాయంగా చెప్పాలంటే, ఎవరూ కొనకపోతే ఆ పైకప్పులు ఎప్పుడో కూలేవి. కొన్నవాళ్లు రాయి రాయీ నిలబెట్టారు, కాదనను. కానీ గెస్టులు మురిసిపోయే ఆ ప్రశాంతత ఎలా తయారైందో బ్రోషరులో ఎవరూ రాయరు. పిల్లల గోల, కోళ్ల గోల, వదినా మరదళ్ల కీచులాట, చర్చి దగ్గర పేకాట, అన్నీ వెళ్లిపోతే మిగిలిందే అది. ఊరు ఉన్నన్నాళ్లూ ఆ సరుకు తయారు కాదు.

కోటకు కోటీశ్వరుడు దొరకని ఊళ్లు ఏం చేస్తున్నాయంటారా? సిసిలీలో సంబూకా 2019లో పాడుబడ్డ ఇళ్లను ఒక్క యూరో నుంచి వేలంపాటకు పెట్టింది. ఇల్లు ఒక్క యూరో; బాగుచేయిస్తానన్న హామీకి డిపాజిట్టు ఐదు వేల యూరోలు. ఆ షరతు రాసినవాడెవడో గానీ, ఏ ఫత్తోరే మునిమనవడో అయ్యుండాలి.