అంచు తెగిన టబ్బు

నేను పుట్టింది బట్టలు నానబెట్టడానికి. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటుకు వచ్చిన కొత్తల్లో నా నిండా సర్ఫు నురగే. వాషింగ్ మెషిన్ రాగానే నన్ను బాల్కనీ మూలకు నెట్టి, ఇసుక పోసి, మల్లి అనే తెల్లపిల్లికి మరుగుదొడ్డిని చేశారు. మొదట్లో చిన్నతనంగానే అనిపించింది. కానీ ఆ ఇంట్లో మల్లి సంగతి అందరికంటే ముందు తెలిసేది నాకే. పిల్లి నొప్పిని బయటపెట్టదు. గురగురమంటుంటే హాయిగా ఉందనుకుంటారు, బాధలోనూ గురగురమంటుంది. నా దగ్గర మాత్రం దాచలేదు.

చదువుకోడానికి వచ్చిన మనవరాలు ఇసుక మాన్పించి, తడి తగిలితే ఉండకట్టే లిట్టర్ తెప్పించింది. అప్పటినుంచి లెక్క తేలిగ్గా తెలిసేది. నిమ్మకాయంత ఉండే ఉండలు, మల్లికి పద్నాలుగేళ్ళు దాటాక బత్తాయంత అయ్యాయి.

"నీళ్ళు బాగా తాగుతోందే, మంచిదేగా" అంది అమ్మమ్మ వంటింట్లోంచి.

మంచిది కాదు. మూత్రపిండాలు చాలావరకు దెబ్బతింటే మూత్రాన్ని చిక్కబరచలేవు. ఒంట్లో నీరంతా పోతుంటే ఆ లోటు పూడ్చుకోడానికే తాగుతుంది. మనవరాలు ఉండల్ని ఫొటో తీసి డాక్టరుకు చూపించింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువే వచ్చింది. ఏడాది కిందట 4.2 కిలోలున్న పిల్లి 3.4కు దిగింది. ఒత్తు బొచ్చు మాటున ఆ చిక్కడం రోజూ ఎత్తుకునేవాళ్ళకే తెలియలేదు.

ఆ తర్వాత నా పక్కనున్న గోనెపట్టా మీద పోయడం మొదలుపెట్టింది. "ముసల్దానివయ్యాక పొగరొచ్చిందే నీకు" అని అమ్మమ్మ కసిరింది. పొగరెక్కడిది? నా అంచు ఎత్తు. ముందుకాళ్ళు వేసి, వెనక్కాళ్ళు ఎత్తలేక, దిగిపోయేది. 2002లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో పన్నెండేళ్ళు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే తొంభై పిల్లుల కీళ్ళలో అరుగుదల కనిపించింది. చాలాసార్లు రెండు వైపులా అరుగుతుంది కాబట్టి కుంటడం కనబడదు, ఎక్కడం మానేస్తుందంతే. ఫ్రిజ్ మీద పడుకోవడం ఎప్పుడు మానేసిందో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు.

అమ్మమ్మ కొడుకు కత్తి కాల్చి నా అంచును ఒకవైపు నేలదాకా కోశాడు. మల్లి మళ్ళీ లోపలికి రాసాగింది. మల్లి నడుం నొప్పికని అమ్మమ్మ పారాసెటమాల్ అరబిళ్ళ చిదపబోయింది కానీ, ఫోన్లో డాక్టరు అరిచిన అరుపు నాకు కూడా వినబడింది. "వెయ్యకండమ్మా! పిల్లికది విషం!"

ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించారు. కొన్ని నెలలు తెప్పరిల్లింది. ఆపైన సెలైన్ సంచి చూస్తే చాలు, వాషింగ్ మెషిన్ వెనక దూరేది. నడుం మీద బొచ్చు జడలు కట్టింది, అక్కడిదాకా నాలుక అందక. ఇన్నాళ్ళూ గీకిగీకి కప్పెట్టే పిల్లి, పని కాగానే అలాగే వదిలేసి పోయేది.

అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ తయారుచేసిన మార్కుల పట్టికను మనవరాలు తెచ్చింది. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, మంచిరోజులు చెడ్డరోజులకంటే ఎక్కువా కాదా. ఒక్కోదానికి పది మార్కులు. 35 దాటితే ఇంకా నెట్టుకురావచ్చు. సంతోషానికి అమ్మమ్మ ఎనిమిది వేసింది, మనవరాలు మూడు. ఒకే పిల్లికి! ప్రేమ ఎక్కువైతే మార్కులూ ఎక్కువే పడతాయి. నన్నడిగితే శుభ్రతకు ఒకటి వేసేదాన్ని.

"మార్కులు పక్కన పెట్టండి. ఒకప్పుడు దానికి ఏవి ఇష్టమో చెప్పండి" అన్నాడు డాక్టరు.

"పావురాలను చూస్తే దవడలాడించేది. చేపల సంచి గుమ్మం దాటకముందే అరిచేది. నేను టీవీ పెడితే ఒళ్ళోకి..." అమ్మమ్మ అక్కడ ఆగిపోయింది. ఏ ఒక్కటీ మిగల్లేదని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సెలైన్ ఆపమన్నది చివరికి ఆవిడే. "ఉండాలని నాకుంది డాక్టరుగారూ, దానికి లేదు."

డాక్టరు ఇంటికే వచ్చాడు. ముందు మత్తు సూది, నిద్రపోయాక రెండోది. నేను బాల్కనీలో ఉన్నాను, చూడలేదు.

అంచు తెగిన టబ్బులో బట్టలు నానవు. మనవరాలు నన్ను తోమి, ఎండబెట్టి, కింద ఫ్లాటువాళ్ళ బూడిదరంగు పిల్లికి ఇచ్చింది. దానికి పదమూడేళ్ళట. "మా వాడికేం, నిక్షేపంగా ఉన్నాడు" అన్నారు వాళ్ళు. తెల్లారి తీసిన మొదటి ఉండ బత్తాయంత ఉంది.