డ్రోన్ కంటికి ఆనని మనిషి

కొండపల్లి చుట్టుపక్కల చిన్న రైతుకు ఆధునిక సాగులో శిక్షణ ఇవ్వాలంటే ముందు కావలసింది పొలం అనుకునేరు. షామియానా. దాని కింద ముందు వరసలో సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో నాయకుల ముఖాలన్నీ సర్దాక మిగిలిన మూలలో ఓ రైతు నవ్వుతూ ఉంటాడు. తలపాగా చూస్తే లూధియానా మనిషి. పాపం, నెట్‌లో వెతికితే ఆయనే ముందు దొరికి ఉంటాడు.

ఉపన్యాసం మొదలవుతుంది. నారు ఎప్పుడు పోయాలో, సుడిదోమ పట్టకుండా రెండు మీటర్లకో కాలిబాట ఎలా వదలాలో చెబుతారు. వినేవాళ్ళలో సగం మంది బుద్ధి తెలిసినప్పటి నుంచీ వరి మడిలోనే ఉన్నవాళ్ళు. చెప్పే కుర్రాడు మంచివాడే, చదివిన చదువూ గట్టిదే. అయితే ఆ పూట ఆయన మీద ఉన్న భారం పాఠం కాదు, హాజరు. వచ్చినవాళ్ళ ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ అందక ఫోను నెత్తికెత్తుకుని ఆయన చెరువుగట్టు దాకా నడిచి వెళ్తుంటే, వెనక కుర్చీల్లోంచి ఓ పెద్దాయన ‘ఆ వేపచెట్టు కిందకి పోండి బాబూ, అక్కడ రెండు గీతలొస్తాయి’ అంటాడు. ఆ రోజు మొత్తానికి అక్కరకొచ్చిన సాంకేతిక సలహా అదొక్కటే.

ఆ తరవాత డ్రోన్. పది లీటర్ల ట్యాంకు కట్టుకుని ఝుమ్మని లేస్తుంది. ఎకరం పది నిమిషాల్లో తడిపేస్తుందట. మాకు ఈ పిట్ట కొత్తేమీ కాదు లెండి. ఇబ్రహీంపట్నం వైపు చేలు వెంచర్లయిన నాటి నుంచీ ప్లాట్ల వీడియోలు తీస్తూ మా నెత్తిమీదే తిరుగుతోంది. పొలం అమ్మించడానికి వేళకే వచ్చింది. పండించడానికి రావడమే కాస్త ఆలస్యమైంది. కేంద్రం 2023లో నమో డ్రోన్ దీదీ అని పథకం పెట్టి, 1,261 కోట్లతో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లిస్తామంది. 80 శాతం రాయితీ, ఎనిమిది లక్షల దాకా. మెచ్చుకోవలసిందే. కింద సెంటు భూమి పేరున లేని ఆడవాళ్ళకు పైన ఆకాశం రాసిచ్చారు.

డ్రోన్ కన్ను చాలా నిశితమంటారు. ఆకు మీద మచ్చ చూస్తుంది, ఏ మడిలో నత్రజని తగ్గిందో చూస్తుంది. గట్టు మీద తువాలు కట్టుకుని నిలబడ్డ మనిషి మాత్రం దానికి ఆనడు. ఆయన కౌలు రైతు. కృష్ణా డెల్టాలో నాగలి వెనకా ట్రాక్టరు మీదా ఎక్కువగా కనిపించేది ఆయనే. కాగితాల్లో కనిపించనిదీ ఆయనే. రైతు సేవా కేంద్రం మెట్లెక్కితే సంభాషణ ఇలా సాగుతుంది.

‘ఆధార్ తెచ్చావా?’

‘తెచ్చానండి.’

‘పాస్‌బుక్కు?’

‘అది కూకట్‌పల్లిలో ఉందండి. ఆసామి దగ్గర.’

‘మరి నువ్వెవరు?’

ఇంత కష్టమైన ప్రశ్న వేదాంతులు కూడా వెయ్యలేదు.

దీనికి చట్టాలు లేవని కాదు. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులిచ్చారు. బ్యాంకులు చాలావరకు ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి భద్రంగా తిరిగిచ్చాయి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఇచ్చే పత్రానికి యజమాని సంతకం కావాలి. గడువు పదకొండు నెలలు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామికి గుబులు, పైగా ఆ పొలం మీద పంట రుణం ఆయనే తీసుకుని ఉంటాడు. పీఎం కిసాన్ ఆరువేలూ భూమి పేరున్నవాడివే. ఇంతకీ సాగుదారుడి హక్కేమిటయ్యా అంటే, సంతకం కోసం బతిమాలుకునే హక్కు.

ఎరువు సంగతీ చూద్దాం. 2021లో ఇఫ్కో నానో యూరియా తెచ్చింది. అరలీటరు సీసా, 45 కిలోల బస్తాకు సమానమంది. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు రెండేళ్ళు పండించి చూసి, వరిలోనూ గోధుమలోనూ దిగుబడి పడిపోయిందన్నారు. ఫ్లెక్సీలో లూధియానా రైతు ఎందుకు నవ్వుతున్నాడో అప్పటికి గానీ అర్థం కాలేదు. 2025 ఖరీఫ్‌లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో జనం బస్తా యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి కాపు కాశారు. డ్రోన్ పైన, క్యూ కింద.

వాతావరణాన్ని తట్టుకునే సాగు మీద కూడా ఒక పాఠం ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు మళ్ళింపు కాలువ కట్ట తెగి విజయవాడ మునిగిందే, అప్పుడు పక్క ఊళ్ళ చేలూ నీళ్ళపాలయ్యాయి. వాన పడుతుందని ఫోనుకు సందేశం వస్తుంది. కట్ట బలహీనంగా ఉందని చెప్పే యాప్ మాత్రం ఇంకా ఎవరూ తయారు చెయ్యలేదు.

నిజంగా పనికొచ్చిన చదువు ఒకటుంది, పొలంబడి. 1989లో ఇండోనేసియాలో దోమపోటు మీద మొదలైన పద్ధతి. వారం వారం రైతులే మడిలో దిగి, దుబ్బుకు దోమలెన్ని, వాటిని తినే సాలీళ్ళెన్ని అని లెక్కపెట్టి, మందు కొట్టాలా అక్కర్లేదా అన్నది తామే తేల్చుకుంటారు. సాలీడు తన పని తాను చేసుకుపోతుంటే డబ్బా దించేస్తారు. ఆంధ్రాలోనూ పొలంబడులు నడిచాయి, నడుస్తున్నాయి. అందులో లోపం ఒక్కటే: ఫోటో తీస్తే వంగిన వీపులు తప్ప ముఖాలు పడవు. సోఫా వేసే చోటూ ఉండదు.

మాకు టెక్నాలజీ వద్దని ఎవరన్నారు? ఒక చిన్న యంత్రం ఇప్పించండి చాలు, తేమ చూసేది. ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదని నిబంధన. కళ్ళంలో కొలిస్తే పదిహేడు చూపించిన గింజ, లారీ ఎక్కి మిల్లు గేటు దాటేసరికి ఇరవై దాటుతుంది. దారిలో వానైనా పడలేదు. రెండు చోట్లా ఒకే అంకె చూపించే తేమ యంత్రాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్తకు మా డెల్టా గుడి కడుతుంది.

సభ చివర అతిథులకు శాలువా, కొండపల్లి బొమ్మ. తెల్లపొణికి కర్రతో చెక్కి, చింతగింజల మక్కుతో అతికిన రైతు, భుజాన నాగలి. మంచి ఎంపిక. అన్నిటికీ తలూపినట్టే ఉంటాడు, పాస్‌బుక్ అడిగితే నీళ్ళు నమలడు, తేమ ఒక్క శాతం కూడా ఉండదు.

ఈసారి శిక్షణ మేమే పెడదామనుకుంటున్నాం, అధికారులకి. మూడు రోజులు. మొదటి రోజు, పాస్‌బుక్ లేకుండా బ్యాంకులో పంట రుణం తెచ్చుకోవడం. రెండో రోజు, యూరియా క్యూలో చెప్పులు మారిపోకుండా చూసుకోవడం. మూడో రోజు, మిల్లు దగ్గర లారీ కింద పడుకుని వంతు కోసం ఎదురుచూడటం. ముగ్గురు నలుగురైనా నెగ్గుతారని ఆశ. నెగ్గినవారికి సర్టిఫికెట్ ఇస్తాం. గడువు పదకొండు నెలలు; కూకట్‌పల్లి ఆసామి సంతకం మాత్రం ఎవరికి వారే తెచ్చుకోవాలి.